బొగ్గు ఇంజను మోడళ్లకు డీటెయిలింగ్, వెదరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త మోడల్ ఇంజను పెట్టెలోంచి తీసినప్పుడు నిగనిగలాడుతూ ముచ్చటగా ఉంటుంది. లేఅవుట్ మీద, అంటే బల్ల మీద కట్టుకున్న చిన్న రైల్వే మీద, పట్టాలెక్కించగానే బొమ్మలా కనిపిస్తుంది. అసలు ఇంజను నిప్పు, నీళ్లు, నూనె, బూడిద మధ్య బతికింది. ఆ బతుకు తాలూకు గుర్తులు మోడల్ మీద లేకపోతే కన్ను నమ్మదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మన రైల్వేల బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజన్లయిన డబ్ల్యూపీ (ప్రయాణికుల రైళ్లకు), డబ్ల్యూజీ (గూడ్సుకు) రకాలవే. పద్ధతి మాత్రం ఏ దేశపు ఆవిరి ఇంజనుకైనా పనికొస్తుంది.

డీటెయిలింగ్ వేరు, వెదరింగ్ వేరా? ఏది ముందు చేయాలి?

వేరే. కమ్మీలు, పైపులు, నంబర్లు, డ్రైవరు బొమ్మ, టెండర్లో (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండిలో) బొగ్గు లాంటివి చేర్చడం డీటెయిలింగ్. ఎండకూ వానకూ, పనికీ ఇంజను ఎలా మారిందో రంగుతో చూపించడం వెదరింగ్. ముందు డీటెయిలింగ్ పూర్తి చేయాలి. మసి పూసేశాక కొత్త పైపు అతికిస్తే అదొక్కటే శుభ్రంగా మెరుస్తూ దొరికిపోతుంది. బొగ్గు నింపడం, అద్దాలు పెట్టడం, డ్రైవరునీ ఫైర్‌మన్‌నీ నిలబెట్టడం, ఈ మూడూ ఆఖర్న.

మొదటి ప్రయత్నానికి ఏ ఇంజను మంచిది?

డబ్ల్యూజీ అంటాను. గూడ్సు ఇంజను కాబట్టి ఎంత మురికి వేసినా నప్పుతుంది, చేయి కాస్త తప్పినా కప్పుకోవచ్చు. 1950 నుంచి 1970 దాకా 2,450 డబ్ల్యూజీలు తయారయ్యాయి. చిత్తరంజన్ కర్మాగారం నుంచి 1950 నవంబరు 1న బయటికొచ్చిన మొదటి ఇంజను 'దేశబంధు' ఈ రకానిదే. 1970లో అక్కడ తయారైన ఆఖరి బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజను 'అంతిమ్ సితారా' కూడా డబ్ల్యూజీయే.

డబ్ల్యూపీ అందగత్తె. ముందు గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటి 16 వచ్చాయి, 1967 నాటికి మొత్తం 755 అయ్యాయి. మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ లాగిన ఇంజను కాబట్టి చాలా షెడ్లలో దాన్ని ముస్తాబు చేసి ఉంచేవాళ్లు. ముస్తాబైన ఇంజనుకు సన్నగా, పద్ధతిగా మురికి వేయడం కష్టం. అందుకే దాన్ని రెండోదిగా పెట్టుకోండి.

మీటర్ గేజ్ మీద మనసుంటే వైపీ, వైజీ ఉన్నాయి. వైపీలు 871, వైజీలు 1,074 తయారయ్యాయి. గుంతకల్లు, గుంటూరు వైపు పెరిగినవాళ్లకు చిన్ననాటి రైలంటే ఇవే.

మన బ్రాడ్ గేజ్ ఇంజను హెచ్‌ఓ పట్టాల మీద పెడితే కొలత తప్పవుతుందా?

తప్పవుతుంది, లెక్క చూడండి. బ్రాడ్ గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు, కాబట్టి పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే. దాదాపు 3 మిల్లీమీటర్లు తక్కువ. ఇంజనును ముందు నుంచి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తే తెలియదు, లేఅవుట్‌ను మనం ఎక్కువగా చూసేది పక్క నుంచే. నేను 16.5 మిల్లీమీటర్లతో సర్దుకున్నాను. సొంతంగా 19.3 పట్టా వేసుకునే ఓపికున్నవాళ్లంటే నాకు గౌరవం.

మీటర్ గేజ్‌కు ఈ బాధ లేదు. 1:87లో అది 11.5 మిల్లీమీటర్లు అవుతుంది, బజారులో 12 మిల్లీమీటర్ల పట్టా ఉంది. అరమిల్లీమీటరు తేడా ఎవరి కంటికీ ఆనదు.

వేరే దేశపు ఇంజను చాసీ మీద 3డీ ప్రింట్ బాడీ కూర్చోబెట్టే ఆలోచన ఉంటే ముందు చక్రాలు కొలవండి. డబ్ల్యూపీ పెద్ద చక్రం 1,705 మిల్లీమీటర్లు, అంటే 1:87లో 19.6. చక్రం ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే ఫర్వాలేదు, అంతకు మించితే ఇంజను రూపమే మారిపోతుంది. ప్రింట్ బాడీ మీద గీతలు పోయేదాకా 400 నుంచి 1,000 నంబరు వరకు ఉప్పుకాగితం తడిపి రుద్దండి. బాయిలర్ మీద ఒక్క గీత మిగిలినా వాష్ (బాగా పలచన చేసిన రంగు) వేయగానే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఫొటోలు ఎందుకు? కళ్లు మూసుకున్నా ఇంజను గుర్తుంది కదా?

గుర్తుండేది ఇంజను ఆకారం. మరక ఎక్కడుందో గుర్తుండదు. ఒక ఇంజను, ఒక షెడ్డు, ఒక కాలం ఎంచుకుని, ఆ ఒక్కదానివే ఫొటోలు పోగేయండి. కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి, వీలైతే వంతెన మీద నుంచి తీసింది ఒకటి. పై నుంచి తీసిన ఫొటో బంగారంతో సమానం. లేఅవుట్ మీద ఇంజనును పక్క నుంచి చూసినా, కాస్త పై నుంచే చూస్తాం.

హరియాణాలోని రేవాడి షెడ్లోనో, ఢిల్లీ రైల్వే మ్యూజియంలోనో, మైసూరు మ్యూజియంలోనో అసలు ఇంజన్లను దగ్గర నుంచి చూడొచ్చు. పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. రంగు కోసం మాత్రం వాటిని నమ్మకండి. అవి భద్రంగా దాచుకున్న ఇంజన్లు, మీద రంగు మందంగా, కొత్తగా ఉంటుంది. డ్యూటీలో ఉన్నప్పటి పాత ఫొటోలే మురికికి ప్రమాణం.

అన్ని పార్టులూ మార్చాలా? దేనితో మొదలుపెట్టాలి?

అన్నీ అక్కర్లేదు. మొదట చేతి కమ్మీలు మార్చండి. చౌక మోడళ్లలో కమ్మీలు బాడీతో పాటే పోత పోసి ఉంటాయి. అసలు ఇంజను మీద అవి 30, 35 మిల్లీమీటర్ల కడ్డీలు, 1:87లో 0.4 మిల్లీమీటర్లకు మించవు. పోత కమ్మీని పదునైన బ్లేడుతో చెక్కేసి, చేతి డ్రిల్లుతో 0.4 బెజ్జాలు వేసి, ఇత్తడి తీగ దూర్చండి. తీగకూ బాయిలర్‌కూ మధ్య కాస్త గాలి ఆడేలా నిలబెడితే దాని నీడ బాయిలర్ మీద పడుతుంది. ఈ ఒక్క పనితో ఇంజను సగం మారిపోతుంది.

తర్వాత ముందు భాగం. మన ఆవిరి ఇంజన్లు లాగిన రైళ్లవి వాక్యూమ్ బ్రేకులు. బఫర్ బీమ్ (ముందున్న అడ్డదూలం) మీద లావుపాటి వాక్యూమ్ గొట్టం ఉండాలి. ఇప్పటి ఎయిర్ బ్రేకుల సన్న గొట్టాలు డబ్ల్యూపీకి పెడితే తెలిసినవాళ్లకు ముల్లులా గుచ్చుకుంటుంది. బ్రాడ్ గేజ్‌కు రెండు పక్కలా బఫర్లు, మధ్యలో స్క్రూ కప్లింగ్. మీటర్ గేజ్‌కు మధ్యలో ఒకటే బఫరు.

ఆ తర్వాత క్యాబు. లోపల ఖాళీగా కనిపించకుండా ఇద్దరు మనుషుల్ని నిలబెట్టండి. ఐదున్నర అడుగుల మనిషి 1:87లో 19 మిల్లీమీటర్లు. డ్రైవరు తలకు రుమాలు, ఫైర్‌మన్ చేతిలో పార ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

ఫెవిక్విక్‌తో అతికిస్తే చుట్టూ తెల్లటి మసక వస్తోంది. ఏం చేయాలి?

ఆ జిగురు ఆవిరి గాలిలో తేమతో కలిసి చుట్టుపక్కల తెల్లగా పేరుకుంటుంది. జిగురు తక్కువ వాడండి. సీసా మూతితో నేరుగా వేయకుండా, ఒక చుక్క ప్లాస్టిక్ ముక్క మీద వేసుకుని గుండుసూది కొనతో తీసి పెట్టండి. గాలి ఆడే చోట ఆరనివ్వండి, డబ్బాలో మూసి పెట్టకండి. అద్దాల దగ్గర అసలు వాడకండి, అక్కడ ఫెవికాల్ చాలు. బరువు మోసే చోట అరాల్డైట్ మంచిది.

నంబరు, నక్షత్రం, జోను అక్షరాలు చేత్తో రాయాలా?

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే అచ్చు అక్షరాలు, వేయండి. అంత చిన్న అక్షరం చేత్తో సాఫీగా రాదు. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న మొదలైంది, కాబట్టి మీ ఇంజను అంతకు ముందు కాలానిదైతే ఆ అక్షరాలు టెండర్ మీద ఉండకూడదు. ఇలాంటి తప్పు చాలా లేఅవుట్లలో చూశాను. విజయవాడకు బీజెడ్ఏ, కాజీపేటకు కేజెడ్‌జే లాంటి కోడు ఎక్కడ, ఎంత సైజులో రాశారో ఫొటో చూసి పెట్టండి, షెడ్డును బట్టి మారిపోయేది.

డెకాల్ వేసే చోట ముందు గ్లాస్ (నిగనిగలాడే) వార్నిష్ కొట్టాలి. గరుకు రంగు మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది. డెకాల్ మెత్తబరిచే ద్రవం రాసి, రివెట్ల మీద కుదురుకునేదాకా ఆగండి. రాత్రంతా ఆరాక దాని మీద మళ్లీ వార్నిష్.

ఇంజను నల్లగానే ఉంటుంది కదా, నల్ల రంగు కొడితే సరిపోదా?

డబ్బాలోంచి తీసిన నలుపు మోడల్‌ను మింగేస్తుంది. రివెట్లు, అతుకులు, నీడలు ఏవీ కనబడవు. అసలు ఇంజనును మనం ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తాం, మధ్యలో గాలి, వెలుతురు కలిసి ఆ నలుపు కాస్త బూడిదగా కనబడుతుంది. మోడల్ మీద ఆ బూడిదతనాన్ని మనమే కలపాలి. నేను టామియా కంపెనీ రంగు ఎక్స్‌ఎఫ్-69 నేటో బ్లాక్‌తో మొదలుపెడతాను. బాయిలర్‌కు అదే. క్యాబు పైకప్పుకు కాస్త బూడిద కలిపి, చాసీకి కాస్త గోధుమ కలిపి వాడతాను. బాయిలర్ ముందు, పొగగొట్టం కింద ఉండే స్మోక్‌బాక్స్ వేరే నలుపు, దాని సంగతి కింద చెబుతాను. ఒకే ఇంజను మీద నాలుగు నలుపులు పక్కపక్కన ఉంటే అప్పుడది ఇనుములా కనిపిస్తుంది.

మురికి ఎక్కడెక్కడ వేయాలి? ఒంటి నిండా వేస్తే సరిపోతుందా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలంటే ఇది చదవండి.

ఇంజను మీద ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది. బ్రష్ పట్టుకునే ముందు ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోతుంది అని అడగండి. జవాబు లేకపోతే ఆ మరక వేయకండి.

మసి పొగగొట్టంలోంచి పైకి లేచి వెనక్కి వాలుతుంది. బాయిలర్ పై భాగం, క్యాబు కప్పు, టెండర్ ముందు భాగం దాని దారిలో ఉంటాయి. కాబట్టి మసి పై నుంచి పడాలి, పక్కలకు వచ్చేసరికి పలచబడాలి. దానికి మెరుపు ఉండదు. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగు గుర్తు చేసుకోండి, సరిగ్గా ఆ మ్యాట్ నలుపు.

స్మోక్‌బాక్స్‌కు బాయిలర్‌లా పైన రేకు తొడుగు ఉండదు. వేడి నేరుగా ఇనుముకు తగులుతుంది కాబట్టి రంగు మాడి, వెలిసి, బూడిద రంగుకు తిరుగుతుంది. తలుపు తెరిచి బూడిద లాగేసినప్పుడు అది తలుపు కింద అంచున, ముందు ప్లాట్‌ఫారం మీద కూర్చుంటుంది. అక్కడే తేమ తగిలి తుప్పు మొదలవుతుంది.

బ్రేకు దిమ్మలు పోత ఇనుముతో చేసినవి. బ్రేకు వేసినప్పుడల్లా ఆ పొడి రాలి చక్రాల మీద, చట్రం మీద, టెండర్ కింది భాగం మీద గోధుమ ఎరుపుగా పేరుకుంటుంది. అంటే కింది నుంచి పైకి వచ్చే మురికి గోధుమ, పై నుంచి కిందికి వచ్చేది నలుపు. రెండూ బాయిలర్ పక్కన, చక్రాల పైన సాగే ఫుట్‌ప్లేటు దగ్గర కలుస్తాయి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చక్రాలు జారకుండా ముందు ఇసుక వదులుతారు. ఇసుక గొట్టాల దగ్గర చట్రానికి లేత మట్టి రంగు దుమ్ము ఉండాలి. మెట్ల అంచులు, క్యాబులోకి ఎక్కే కమ్మీలు రోజూ బూట్లూ చేతులూ తగిలి అరిగి మెరుస్తాయి. 6బీ పెన్సిల్ కొనతో ఆ అంచును రెండుసార్లు రుద్దండి, చాలు. అరచేతి చెమటకు నునుపెక్కిన ఇనుము ఎలా ఉంటుందో అచ్చం అలా వస్తుంది.

చిన్నప్పుడు కాజీపేటలో రైలు ఆగితే కిటికీలోంచి తల బయట పెట్టేవాణ్ని. కంట్లో బొగ్గు నలుసు పడేది, ఊరు చేరేసరికి తెల్ల చొక్కా భుజాలు మాత్రం నల్లబడేవి. మసి పై నుంచి పడుతుందని నాకు మొదట నేర్పింది ఆ చొక్కాయే.

బాయిలర్ పక్కన తెల్ల చారలు ఏమిటి? ఎలా వేయాలి?

అవి నీళ్లు ఎండిపోయిన గుర్తులు. బోరు నీళ్ల ఊళ్లో బకెట్ అంచుకు పట్టే గారే ఇది. బాయిలర్ కడగడానికి తీసే ప్లగ్గుల దగ్గర సన్నగా కారుతుంది. సేఫ్టీ వాల్వు చుట్టూ, విజిల్ కింద ఆవిరి చెమ్మ దిగుతుంది. బాయిలర్లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టరు మొదలుపెట్టినప్పుడు క్యాబు కింద ఉన్న గొట్టంలోంచి నీళ్లు పోతాయి. వేడికి నీరు ఆవిరై పోతుంది, అందులోని సున్నం మిగిలిపోతుంది. బాయిలర్లో నీళ్లు మరీ పైకొచ్చి ఆవిరితో పాటు ఎగదన్నితే పొగగొట్టం మీద కూడా మురికి తెలుపు చారలు పడతాయి.

నేను చేసే తీరు ఇది. ఎనామెల్ తెలుపులో కాస్త లేత మట్టి రంగు, చిటికెడు బూడిద కలుపుతాను. అచ్చ తెలుపు వేస్తే పిట్ట రెట్టలా ఉంటుంది. 000 నంబరు బ్రష్ కొనకు రంగు తీసుకుని, గుడ్డకు తుడిచి, ప్లగ్గు కింద అంచు నుంచి 6, 7 మిల్లీమీటర్ల గీత ఒకటి కిందికి లాగుతాను. పది నిమిషాలు ఆగుతాను. ఇంకో బ్రష్‌ను టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకు అద్ది, దాదాపు పొడిగా అయ్యాక ఆ గీత మీద పై నుంచి కిందికి ఒకేసారి దించుతాను. పైన అంచు గట్టిగా నిలుస్తుంది, కింద పలచబడి మాయమవుతుంది. ఆరాక దాని మధ్యలో వెంట్రుకంత సన్నగా ఇంకో గీత, ఈసారి సగం పొడవే. పాత గార మీద ఈ మధ్య మళ్లీ కారినట్టు కనబడుతుంది.

బాయిలర్ గుండ్రం కాబట్టి చార ఆ వంపు వెంట దిగాలి. రేకు పట్టీ అడ్డొచ్చిన చోట నీరు కొంచెం పక్కకు జరిగి మళ్లీ దిగుతుంది. ఆ చిన్న మెలిక వేస్తే చూసేవాళ్లు వంగి చూస్తారు. రెండు వైపులా ఒకేలా మాత్రం వేయకండి. ఒక వైపు మూడు చారలుంటే రెండో వైపు ఒకటి చాలు. మొత్తం ఇంజనుకు ఐదారు దాటితే అతి అవుతుంది.

ఎయిర్‌బ్రష్ లేకుండా కుదురుతుందా?

కుదురుతుంది. నా మొదటి మూడు ఇంజన్లూ బ్రష్‌తో, రంగు పౌడర్లతో చేసినవే. పలచటి వాష్, పొడి బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో అద్దడం), పౌడరు ఈ మూడూ వస్తే చాలు. మేలు రకం సాఫ్ట్ పాస్టెల్ ముక్కను ఉప్పుకాగితం మీద రుద్దినా పౌడరు తయారవుతుంది. స్కూలు బోర్డు సుద్ద మాత్రం వద్దు, వార్నిష్ తగలగానే రంగు మాయమైపోతుంది.

క్యాబు కప్పు నుంచి పక్కలకు మసి పలచబడే తీరు మాత్రం ఎయిర్‌బ్రష్‌తోనే అందంగా వస్తుంది. రెండు మూడు ఇంజన్లు చేశాక కొనుక్కోండి.

అక్రిలిక్, ఎనామెల్, వార్నిష్: ఏది దేని మీద?

అసలు రంగు అక్రిలిక్. దాని మీద గ్లాస్ లేదా శాటిన్ వార్నిష్, అది కూడా అక్రిలిక్కే. ఒక రోజంతా ఆరనివ్వాలి. దాని మీద ఎనామెల్ లేదా ఆయిల్ రంగు వాష్. దాన్ని టర్పెంటైన్‌తో తుడిచినా కింద ఆరిన అక్రిలిక్ కదలదు, కాబట్టి నచ్చకపోతే అరగంటలో చెరిపేసుకోవచ్చు. ఈ వరస తిప్పేస్తే ఆ వీలు పోతుంది. ఆఖర్న మ్యాట్ వార్నిష్ పలచగా, దాని మీద పౌడర్లు. నూనె మరకలు, తడి మెరుపులు అన్నిటికన్నా చివర, ఎందుకంటే మ్యాట్ కొడితే మెరుపు చచ్చిపోతుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ టామియా అక్రిలిక్‌ను కరిగిస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్లోని ఎసిటోన్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. రెండు సీసాల మీదా పెద్ద అక్షరాలతో పేరు రాసి పెట్టుకోండి.

చక్రాలకు, రాడ్లకు రంగు వేస్తే ఇంజను ఆగిపోతుందేమో?

జాగ్రత్త లేకపోతే ఆగిపోతుంది. ఇంజనును స్పాంజి తొట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి, కంట్రోలర్ వైర్లు చక్రాలకు తగిలించి, నెమ్మదిగా తిరుగుతుండగా రంగు కొట్టండి. ఆగి ఉన్నప్పుడు కొడితే రాడ్డు వెనక చక్రం మీద రంగు పడని చోటు రాడ్డు ఆకారంలో మిగిలిపోతుంది, ఇంజను కదలగానే అది బయటపడుతుంది. డీసీసీ చిప్ (డిజిటల్ సంకేతాలతో ఇంజనును నడిపేది) ఉంటే ఆ కంట్రోలరుతోనే తిప్పండి.

రంగు పూర్తిగా ఆరకముందే ఇయర్‌బడ్‌ను ఆల్కహాల్లో ముంచి, పట్టాకు తగిలే చక్రపు అంచు మొత్తం తుడవండి. కరెంటు తీసుకునే పలచటి రేకుల వెనక వైపు కూడా తుడవాలి. చాలామంది టెండర్ చక్రాలు మర్చిపోతారు, తర్వాత ఇంజను కుదుపుతో నడుస్తోందని టెన్షన్ పడతారు. పౌడర్లు గేర్ల దగ్గరికి పోనివ్వకండి, ఆ పొడి ఉప్పుకాగితంలా బేరింగులను తినేస్తుంది.

రాడ్లు తుప్పు పట్టినట్టు వేయడం తప్పు. పనిలో ఉన్న ఇంజను రాడ్లకు రోజూ నూనె పోస్తారు. అక్కడ ఉండేది నూనెలో నానిన దుమ్ము. గ్లాస్ వార్నిష్‌లో ఒక చుక్క నలుపు, ఒక చుక్క గోధుమ కలిపి కీళ్ల చుట్టూ పెట్టండి. మధ్యలో ఉక్కు కాస్త కనబడనివ్వండి.

టెండర్లో అసలు బొగ్గే పోయాలా?

అసలు బొగ్గే పోయండి, రాక్షసి బొగ్గు. కట్టె బొగ్గు చూడటానికి మొద్దుగా, నారలుగా ఉంటుంది. రాక్షసి బొగ్గు విరిగిన చోట తళుక్కుమంటుంది. ఆ తళుకు ఏ రంగుతోనూ రాదు. సింగరేణి ప్రాంతంలో చుట్టాలుంటే పిడికెడు తెప్పించుకోండి, పది టెండర్లకు సరిపోతుంది.

గుడ్డలో మూటకట్టి సుత్తితో కొట్టి, టీ జల్లెడతో దుమ్ము వేరు చేయండి. ముక్కుకు మాస్కు మర్చిపోకండి. 10, 15 సెంటీమీటర్ల బొగ్గు పెళ్ల 1:87లో ఒకటి నుంచి 1.7 మిల్లీమీటర్లు. అంతకన్నా పెద్ద ముక్కలు బండరాళ్లలా కనిపిస్తాయి. నాలుగైదు పెద్దవి ఉన్నా పర్లేదు, ఫైర్‌మన్ పగలగొట్టుకుంటాడు. థర్మాకోల్ ముక్కకు నల్ల రంగు వేసి టెండర్లో కూర్చోబెట్టి, దాని మీద బొగ్గు చల్లండి. ఫెవికాల్‌లో నాలుగింతలు నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో చుక్కలుగా వేయండి. సబ్బు లేకపోతే నీటిచుక్క బొగ్గు మీద ముత్యంలా నిలబడిపోతుంది.

నిండుగా పోయకండి. షెడ్డు నుంచి అప్పుడే బయల్దేరితే తప్ప ఫైర్‌మన్ వైపు గుంట పడి ఉంటుంది. ఆ గుంటలో టెండర్ లోపలి గోడ కనబడుతుంది, దానికి బొగ్గు గీసుకుని రంగు పోయి తుప్పు రంగు వేయాలి. వెనక నీళ్లు పోసే మూత చుట్టూ తుప్పు, అక్కడి నుంచి టెండర్ పక్కన దుమ్ము కడిగేసినట్టు శుభ్రమైన నిలువు చారలు. ప్రతి నీళ్ల స్తంభం దగ్గరా కాస్త పొంగి పోయేది.

తుప్పు ఎంత వేయాలి?

మీరు అనుకున్నదాంట్లో నాలుగోవంతు. నారింజ రంగు తుప్పు పక్కన పడేసిన ఇంజనుది. నడిచే ఇంజను తుప్పు ముదురు గోధుమ, అదీ అంచుల్లో. టామియా ఎక్స్‌ఎఫ్-64 రెడ్ బ్రౌన్‌లో నలుపు కలిపితే దగ్గరికొస్తుంది.

పౌడరు వేసి వార్నిష్ కొడితే మొత్తం మాయమైపోయింది. ఎందుకు?

పొడి తడిస్తే రంగు ముదురుతుంది, తేలికవి వార్నిష్‌లో కలిసిపోతాయి. కావలసినదానికన్నా కాస్త ఎక్కువ వేసి, మ్యాట్ వార్నిష్ దూరం నుంచి రెండు మూడు పలచటి పొరలుగా కొట్టండి. లేదంటే చేయి తగలని చోట, అంటే క్యాబు కప్పు మీదా చాసీ లోపలా, వార్నిష్ లేకుండానే వదిలేయండి. నేను రెండోదే చేస్తాను, ఇంజనును కింద చాసీ పట్టుకుని ఎత్తుతాను.

మా ఊళ్లో వానాకాలంలో వార్నిష్ తెల్లగా పొగమంచులా ఆరుతోంది. డబ్బా నకిలీదా?

డబ్బా మంచిదే, గాలిలో తేమ ఎక్కువ. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రంగు పైభాగం చల్లబడి, గాలిలోని నీరు దాని మీద చేరుతుంది. స్ప్రే డబ్బాలతో ఇది ఎక్కువ. గోదావరి, కృష్ణా జిల్లాల్లోనూ విశాఖలోనూ ఉండేవాళ్లకు జులై నుంచి నవంబరు దాకా ఈ తిప్పలు తప్పవు. ఒక ఆగస్టు సాయంత్రం నేను నెలన్నర కష్టపడ్డ డబ్ల్యూపీ మీద ఆఖరి పొర కొట్టాను, తెల్లారి చూస్తే నక్షత్రం మంచులో ఉన్నట్టుంది. చాలా బాధపడ్డాను. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం అదే వార్నిష్ పలచగా మరో పొర కొడితే చాలావరకు తేరుకుంది. అప్పటి నుంచి వానాకాలంలో డీటెయిలింగ్, శీతాకాలంలో వార్నిష్ పని పెట్టుకుంటున్నాను.

ఖరీదైన ఇంజను. పాడుచేస్తానేమోనని చెయ్యి రావడం లేదు.

ఆ భయం న్యాయమైనదే. ముందు పాత గూడ్సు వ్యాగన్ ఒకటి తీసుకుని అన్నీ దాని మీద చేయండి. తర్వాత ఇంజను మీద టెండర్ కింది భాగంతో మొదలుపెట్టండి, అక్కడ తప్పు ఎవరికీ కనబడదు. ఒక్క రోజులో పూర్తి చేయాలనుకోకండి. ఒక రోజు చట్రం, మర్నాడు కప్పు, ఆ మర్నాడు చారలు. మధ్యలో ఇంజనును లేఅవుట్ మీద పెట్టి, అక్కడి లైటు కింద చూడండి. టేబుల్ లైటు కింద సరిగ్గా ఉన్న మురికి, లేఅవుట్ దగ్గర మసక లైటులో కనబడకపోవచ్చు, తెల్ల ఎల్ఈడీ కింద మరీ ఎక్కువ అనిపించవచ్చు.

ఎప్పుడైనా అమ్మే ఉద్దేశం ఉన్న ఇంజను మాత్రం ముట్టుకోకండి. చాలామంది కొనుగోలుదారులు పెట్టెలోంచి తీసినట్టున్న మోడల్‌కే ఎక్కువ ఇస్తారు.

అన్ని ఇంజన్లూ మురికిగానే ఉండాలా?

అక్కర్లేదు. అన్నీ ఒకే మోతాదులో మురికిగా ఉంటే అదీ బొమ్మల కొలువులాగే ఉంటుంది. షెడ్లో మూడు ఇంజన్లుంటే ఒకటి మెయిలుకు వెళ్లే డబ్ల్యూపీ అనుకోండి. దాని ముక్కు, నక్షత్రం, నంబరు ప్లేటు తుడిచి మెరిపించి, చట్రం కింద, పొగగొట్టం చుట్టూ మాత్రమే మురికి వేయండి. నూనె గుడ్డతో తుడిచిన బాయిలర్‌కు శాటిన్ మెరుపు ఉంటుంది, గుడ్డ అందని మూలల్లో మసి ఉండిపోతుంది. రెండోది రోజూ బొగ్గు వ్యాగన్లు లాగే డబ్ల్యూజీ, దానికి అన్నీ వేయండి. మూడోది మరమ్మతు నుంచి వచ్చింది కాబట్టి కొత్త రంగు, కానీ చక్రాల దగ్గర అప్పుడే మొదలైన గోధుమ దుమ్ము. మూడింటినీ బూడిద గుంట పక్కన వరసగా నిలబెట్టి, పట్టాల మధ్య నేలకు నలుపు, నూనె, తడి బూడిద వేయండి. షెడ్లో నేల శుభ్రంగా ఉంటే ఇంజన్ల మురికి అతికించినట్టు కనిపిస్తుంది.